ముప్ఫై ఒక్క కండెలు

నాయన పోయిన రోజు మగ్గం మీద ఆరో చీర సగం దాకా వచ్చి ఉంది. పక్కన గోడ మేకుకు కండెల (దారం చుట్టిన చిన్న పుల్లల) దండ వేలాడుతోంది. అందులో ఇంకా ముప్ఫై ఒక్క కండెలు ఉన్నాయి. నేనే లెక్కపెట్టాను కాబట్టి ఇంత కచ్చితంగా చెబుతున్నాను. వాకిట్లో మనుషులు, ఏడుపులు, పైన ముసురు. నేను మాత్రం మగ్గం అర్రలో నిలబడి కండెలు లెక్కపెడుతున్నాను. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ముప్ఫై ఒకటే. ఎవరో మేనత్త వచ్చి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయేదాకా అక్కడే ఉన్నాను.

అది 2008, శ్రావణం చివర. రాఖీ పున్నమి అయి పది రోజులు కూడా కాలేదు. నాయన చేతికి మేనత్త కట్టిన రాఖీ అట్లాగే ఉంది, రంగు వెలిసిపోయి. నాకు పదిహేనేళ్లు, పదో తరగతి. తమ్ముడికి పదకొండు. నాయనకు నలభై నాలుగు.

మాది చౌటుప్పల్ దగ్గర ఒక చేనేత పల్లె. అప్పుడు నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. పోచంపల్లి చీర అని పేరు గానీ ఆ చీరలు ఒక్క పోచంపల్లిలోనే నేయరు. పుట్టపాక, కొయ్యలగూడెం, సిరిపురం, ఇట్లా చుట్టుపక్కల ఎన్నో ఊళ్లలో ఇంటింటా గుంట మగ్గం, అంటే నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి నేసే మగ్గం, ఉండేది. మా ఇంట్లో ముందు వసారా, వెనక వంటిల్లు, మధ్యలో మగ్గం అర్ర. దేవుడి పటాలు కూడా ఆ అర్రలోనే.

మగ్గం తెలియని వాళ్లకు ఆ కండెల లెక్క ఏమిటో చెప్పాలి. మామూలు చీరకు పోగు రంగు వేసి నేస్తారు. మా దగ్గర ముందు పోగు మీదే బొమ్మ కడతారు. చిటికీ కట్టడం అంటాం. ఏ పోగు మీద ఎక్కడ రంగు ఎక్కకూడదో అక్కడ సైకిల్ ట్యూబు రబ్బరు సన్నగా కోసిన పట్టీతో బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ముంచుతారు. అప్పటికి చూస్తే అది ఎర్రగా తెల్లగా మచ్చలు పడ్డ దారం, అంతే. ఆ దారాన్ని వరస తప్పకుండా కండెలకు చుట్టి, వరస తప్పకుండా దండకు గుచ్చాలి. మొదటి కండె నుంచి చివరి కండె దాకా అదే వరసలో నేస్తే చీర మీద చిలక లేస్తుంది. ఒక్క కండె అటుదిటైతే చిలకకు మెడ ఉండాల్సిన చోట కాళ్లు వస్తాయి.

కాబట్టి ఆ ముప్ఫై ఒక్క కండెలంటే వట్టి దారం కాదు. నాయన చేత్తో కట్టిన చిటికీ, నాయన ముంచిన రంగు, ఆయన గుచ్చిన వరస. మిగిలిన సగం చీర అంతా ఆ దండలో ఉంది. నేసే మనిషే లేడు.

*

పోవడానికి రెండు రోజుల ముందు నుంచీ నాయన ఎడమ చెయ్యి గుంజుతుందని అంటూనే ఉన్నాడు. ఇది రాయడం నాకు ఇప్పటికీ కష్టమే. నేతపని చేసే ఇంట్లో చెయ్యి నొప్పి, భుజం నొప్పి, నడుం నొప్పి అనేవి ఎవరూ పట్టించుకునే మాటలు కావు. పొద్దంతా తాడు లాగే చెయ్యి గుంజక ఏం చేస్తుంది? అమ్మకైతే ఆసు పోసీ పోసీ భుజం పడిపోయింది. ఆసు అంటే నడుమ ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రంలో వరసగా మేకులు. పోగును నడి మేకు నుంచి ఒక్కో మేకుకు తిప్పి మళ్లీ నడిమికి తేవాలి. ఒక్క చీర పోగుకే చెయ్యి వేల సార్లు ఆడాలి. అంత నొప్పిని రోజూ మోసే అమ్మకు నాయన చెయ్యి నొప్పి కొత్తగా ఏం అనిపిస్తుంది?

"జర అమృతాంజన్ రాయి బిడ్డా" అన్నాడు నాతో, ముందు రోజు రాత్రి. రాశాను. భుజం నుంచి మోచేయి దాకా రుద్దాను. "ఇగ చాలు తియ్యి, చదువుకోపో" అన్నాడు.

తెల్లారి నాలుగున్నరకే మగ్గం చప్పుడు మొదలైంది. నేను ఆ చప్పుడుకే లేచి పుస్తకం పట్టుకునేదాన్ని. ఆరు దాటాక చప్పుడు ఆగింది. చాయ్‌కి లేచాడేమో అనుకున్నాను. చాప మీద పడుకుని ఉన్నాడు. ఛాతీ బరువుగా ఉందన్నాడు. ముఖం నిండా చెమట, అంత ముసురులో. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి చూసి గ్యాస్ నొప్పి అన్నాడు, సూది వేశాడు, కాసేపట్లో తగ్గుతుందని చెప్పి వెళ్లాడు. తగ్గలేదు. పక్కింటి అన్న 108కి ఫోన్ చేశాడు. బండి వచ్చింది, అమ్మ ఎక్కింది. ఆస్పత్రి గేటు దాటకముందే అయిపోయిందని మధ్యాహ్నం తెలిసింది.

ఆ ఆర్‌ఎంపీ మీద నాకు చాలా ఏళ్లు కోపం ఉండేది. అది సగమే ఆయన మీద అని తరవాత అర్థమైంది. మిగతా సగం నా చేతి మీద, ఆ అమృతాంజన్ సీసా మీద. నేత పనివాళ్ల ఇళ్లలో ఎడమ చెయ్యి గుంజుతుందని ఎవరైనా అంటే ఇప్పుడు నేను ఊరుకోను. పట్టుబట్టి ఈసీజీ తీయిస్తాను. మా మేనమామకు అట్లాగే తీయించాను.

*

మా వాడలో ఎవరు పోయినా శవం లేచేదాకా అందరూ మగ్గాలు ఆపుతారు. ఆ రోజు మా వాడ అంతా సద్దుమణిగింది. నేను పుట్టినప్పటి నుంచి పగటి పూట అంత నిశ్శబ్దం విన్నది లేదు. రోజూ ఒక ఇంట్లో ఆగితే ఇంకో ఇంట్లో మొదలయ్యేది, టకటకా టకటకా. అది ఆగిపోతే గాలి ఆగినట్టు ఉంది.

తమ్ముడు తలకొరివి పెట్టాడు. కుండ వాడి భుజానికి పెద్దదైంది. వెనక నుంచి మేనమామ చెయ్యి వేసి పట్టుకున్నాడు. ఇంతకంటే నేను రాయలేను.

కాక సూరత్‌లో పవర్‌లూమ్‌లో పనిచేసేవాడు. మా పద్మశాలీల్లో ఇంటికొకరు సూరత్‌కో భీవండికో పోయిన వాళ్లే. ఫోన్ అందిన వెంటనే రైలెక్కినా అన్న ముఖం చూడలేకపోయాడు. మూడో రోజు పొద్దున, పిట్టకు పెట్టే వేళకు దిగాడు. సంచి భుజాన ఉండగానే నేరుగా మగ్గం అర్రలోకి పోయాడు. చాలాసేపు బయటికి రాలేదు. తొంగి చూస్తే మగ్గం ముందు గొంతుక్కూర్చుని పడుగు మీద, అంటే నిలువు పోగుల మీద, చెయ్యి వేసి ఉన్నాడు, జ్వరం ఉందో లేదో చూస్తున్నట్టు.

బయటికి వచ్చి ఆయన అన్న మొదటి మాట: "వదినా, గుంటల నీళ్లు ఊరుతున్నయి."

మాకు ఎవరికీ ఆ సోయి లేదు. గుంట మగ్గానికి వానాకాలం శత్రువు. ముసురు నాలుగు రోజులు పట్టిందంటే భూమిలోంచి ఊట వస్తుంది. తేమకు పడుగు వదులవుతుంది, పట్టు బూజు పడుతుంది. పైగా ఎలుకలు. ఆ వార్పు, అంటే ఏడు చీరలకు ఎక్కించిన పడుగు, మాది కాదు, షావుకారు ఇచ్చిన పట్టు. ఏడు చీరలు ఇస్తేనే కూలీ. ఐదు అయినాయి, ఆరోది సగంలో ఉంది, ఏడోది మొదలే కాలేదు. వార్పు పాడైతే ఆ పట్టు ఖరీదు కూడా మా మీదే పడుతుంది. ఉన్న బాకీ చాలదని అదొకటి.

మైల కాబట్టి పదకొండు రోజులు మగ్గం ముట్టకూడదని పెద్దలు అన్నారు. నానమ్మ విన్నది. విని, "మగ్గం ముట్టం. గుంట గదా ముట్టేది" అంది. అప్పటి నుంచి మైల తీరేదాకా మా ఇంట్లో జరిగిన పని అదే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తమ్ముడు గుంటలోకి దిగి చెంబుతో నీళ్లు తోడేవాడు, నేను బకెట్‌తో బయట పారబోసేదాన్ని. కాక నిప్పుల కుంపటి తెచ్చి అర్రలో ఒక మూల పెట్టేవాడు, తేమ ఆరడానికి. నానమ్మ నాయన పాత ధోవతులు రెండు తీసి పడుగు మీద కప్పింది. రాత్రిళ్లు ఎలుకలు రాకుండా అక్కడే చాప వేసుకుని పడుకుంది. కొడుకు పోయిన మనిషి నిద్రపోతుందా! రాత్రంతా ఆ ధోవతి కొస సర్దుతూ ఉండేది.

పరామర్శకు వచ్చిన వాళ్లు కొందరు చెవులు కొరుక్కున్నారు. శవం లేచి నాలుగు రోజులు కాలేదు, వీళ్లకు వార్పు మీదే ధ్యాస అని. వాళ్లకు ఏం చెప్పాలో అప్పుడు నాకు తెలియలేదు. నీళ్లు తోడే ఆ పావుగంటలోనే తమ్ముడు నాతో రెండు మాటలు మాట్లాడేవాడు. మిగతా రోజంతా నోరు విప్పేవాడు కాదు. "అక్కా, ఇయ్యాల తొమ్మిది చెంబులే వచ్చినయి." అంతే. కానీ అది మాట. ఆ మాట కోసం నేను సాయంత్రం దాకా ఎదురుచూసేదాన్ని.

అస్థికలు వాడపల్లి తీసుకుపోయారు, కృష్ణలో మూసీ కలిసే చోటికి. మూసీ మా వైపు నుంచి పారేదే కదా, మా నీళ్లలోనే కలిపినట్టు అనుకుని నానమ్మ కొంత ఊరట పడింది.

పదో రోజు చీకటితోనే అమ్మను ముత్తైదువలు లేని చోటికి తీసుకుపోయారు. నన్ను రానివ్వలేదు. తెల్లారాక వచ్చింది. చేతులు కొంగులో దాచుకుని ఉంది. నేను ఏమీ అడగలేదు. చిన్నప్పటి నుంచీ అమ్మ ఆసు పోస్తుంటే గాజుల చప్పుడు ఒక తాళంలో వచ్చేది. చెయ్యి పైకి పోతే ఒక రకం, కిందికి వస్తే ఇంకో రకం. ఇంట్లో ఏ మూల ఉన్నా ఆ చప్పుడును బట్టి అమ్మ ఎన్నో మేకు దగ్గర ఉందో చెప్పగలిగేదాన్ని. ఆ తరవాత అమ్మ ఆసు పోస్తుంటే దగ్గరికి వెళ్లి చూస్తే తప్ప పోస్తున్నట్టు తెలిసేది కాదు.

*

దినం అయిన మూడో రోజు షావుకారు వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. వసారాలో కూర్చుని చాయ్ తాగి, వంద మాటలు చుట్టు తిప్పి అసలు సంగతికి వచ్చాడు. "చెల్లె, ఏమనుకోకు. పండుగలకు మాల్ కావాలె. నువ్వు చెప్తే వార్పు కోసుకపోయి వేరే మగ్గానికి ఎక్కిస్త. అయిన చీరలకు లెక్క కట్టిస్త."

కాక నేస్తాడని అందరం అనుకున్నాం. కానీ కాక ఇల్లు వదిలి పన్నెండేళ్లు. పవర్‌లూమ్ మీద మిషన్ నేస్తుంది, మనిషి చూసుకుంటాడు. పేక చిటికీ, అంటే అడ్డపోగు మీద కట్టిన బొమ్మ, అట్లా కాదు. అడ్డపోగును మోసే నాడె దాటిన ప్రతిసారీ పోగును వేలితో అటో ఇటో ఇంత సవరించాలి, అప్పుడే బొమ్మ కుదురుతుంది. "నా చెయ్యి పాడైంది వదినా" అన్నాడు కాక. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం నేను చూడలేకపోయాను.

"నేను నేస్త" అంది అమ్మ.

పదిహేను రోజుల్లో ఆమె గట్టిగా అన్న మొదటి మాట అదే. పెళ్లికి ముందు పుట్టింట్లో నూలు బట్ట నేసింది. మా ఇంటికి వచ్చాక ఆసు, కండెలు, రంగు, ఇవే ఆమె పని. పట్టు మగ్గం మీద ఎన్నడూ కూర్చోలేదు. షావుకారు కాసేపు నేల చూశాడు. "పెత్రామాస దాంక ఆగుత" అని లేచాడు. పెత్రామాస అంటే పితృ అమావాస్య.

నాయన పొడగరి. గుంటలో దిగి కూర్చుంటే అమ్మ కాళ్లు కింద తొక్కే కర్రలకు అందలేదు. కాక తాళ్లు పైకి బిగించి కట్టాడు. కూర్చునే పలక మీద నాయన కూర్చునీ కూర్చునీ పడిన నున్నటి గుంత ఉంది. అమ్మ దాని మీద గోనెసంచి మడత వేసుకుంది. నానమ్మ చెప్పింది ఒక్కటే. "ఏడుపొస్తే లేచి అవతలికి పో బిడ్డా. పట్టు మీద పడనియ్యకు. మరక పోదు."

అది నిజమే, నీటి చుక్క పడితే చిటికీ రంగు పాకుతుంది. ఆమె చెప్పింది అందుకే. కానీ ఆ మాట ఇంట్లో అందరికీ చట్టమైంది. మగ్గం అర్రలో ఎవరూ ఏడవకూడదు. అమ్మ నేస్తూ నేస్తూ ఉన్నట్టుండి నాడె పక్కన పెట్టి గుంటలోంచి లేచేది, పెరట్లో చింతచెట్టు దాకా పోయేది. అయిదు నిమిషాలకో పది నిమిషాలకో ముఖం కడుక్కుని, చేతులు పొడిగా తుడుచుకుని వచ్చి కూర్చునేది. మొదటి రోజు పది సార్లు లేచింది. తరవాత ఎనిమిది, ఆరు. నేను కిటికీలోంచి లెక్కపెట్టేదాన్ని. అప్పట్లో నాకు లెక్కపెట్టడం తప్ప ఇంకేమీ చేతకాలేదు.

మొదటి రోజు అంతా కలిపి జానెడు నేసింది. అందులో నాలుగు వేళ్ల మేర రాత్రి కూర్చుని విప్పింది. బొమ్మ కుదరలేదని.

నాయన ఆపిన చోటు చిలకల వరస మధ్యలో ఉంది. ఎర్రటి ఒంటి మీద తెల్ల చిలకలు. చిలక కాళ్లూ పొట్టా నాయన నేసినవి. మెడా ముక్కూ అమ్మ నేసింది. ఆ అతుకు దగ్గర వేలు పెట్టి చూస్తే తెలిసేది. నాయన దెబ్బ గట్టిది, బట్ట దిట్టంగా ఉండేది. అమ్మ దెబ్బ మెత్తన, బట్ట ఒక నలుసు పలచన. దీపం వెనక పెట్టి చూస్తే సన్నటి గీత, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. చీర ఎర్రగా ఉన్నా ఆ గీత దగ్గర వెలుగు మారేది. తమ్ముడు బడి నుంచి రాగానే పుస్తకాల సంచి పడేసి ఆ గీత మీద వేలు పెట్టి చూసుకునేవాడు. చీర చుట్టుకుంటూ పోయే కొద్దీ ఆ గీత అమ్మ పొట్ట దగ్గర కర్రకు మడతల్లోకి పోయింది. ఆ రోజు వాడు వెతికి వెతికి, "అక్కా, నాయనది లోపలికి పోయింది" అని వచ్చి చెప్పాడు. నాయన పోయాక వాడు వెక్కి వెక్కి ఏడ్చింది ఆ రోజే. ఏడ్చింది వంటింట్లో, మగ్గం అర్రలో కాదు.

*

కాగితాల సంగతి కూడా రాయాలి, ఎందుకంటే చావు ఇంట్లో సగం అలసట దానిదే. చావు ఇరవై ఒక్క రోజుల లోపల రాయించాలి, అది కాక చేశాడు. నాయనకు చేనేత గుర్తింపు కార్డు ఉంది, దాంతో మహాత్మా గాంధీ బున్‌కర్ బీమా ఉంది. ఏటా ఎనభై రూపాయలు కట్టేవాడు, ఎల్‌ఐసీ ద్వారా. మామూలు చావుకు 60,000 రావాలి. పిల్లలిద్దరికి తొమ్మిది నుంచి ఇంటర్ దాకా మూడు నెలలకు 300 చొప్పున చదువు డబ్బు. అయితే నేత కార్డులో ఇంటిపేరు ఉంది, రేషన్ కార్డులో లేదు. రెండూ ఒకే మనిషివని రుజువు చేయడానికి అమ్మ ఎన్నిసార్లు ఆఫీసు మెట్లు ఎక్కిందో! మగ్గం వదిలి వెళ్లిన రోజు చీర సాగదు, చీర సాగకపోతే కూలీ లేదు. ఒక బల్ల దగ్గర పని అయితే ఇంకో బల్ల దగ్గర మనిషి ఉండడు. ఒకసారి ఒక గుమాస్తా అమ్మను నిలబెట్టి "ఆయన్నే వచ్చి సంతకం పెట్టమను" అన్నాడు, కాగితం సరిగా చూడకుండా. అమ్మ ఏమీ అనలేదట. ఇంటికి వచ్చి నేరుగా చింతచెట్టు దగ్గరికి పోయింది.

డబ్బు వేసవిలో వచ్చింది. అందులో చాలావరకు బాకీకే పోయింది. 2022లో తెలంగాణలో నేతన్న బీమా కింద 5 లక్షలు అని విన్నప్పుడు నాకు సంతోషం వేసింది, నిజంగా. ఎవరో పదో తరగతి పిల్ల ఇంట్లో ఆ డబ్బు ఎంత పని చేస్తుందో నాకు తెలుసు.

*

ఆరో చీర పెత్రామాసకు నాలుగు రోజుల ముందు అయింది. ముప్ఫై ఒకటో కండె అయిపోయినప్పుడు అమ్మ ఖాళీ పుల్లను వెంటనే బుట్టలో వేయలేదు. కాసేపు అరచేతిలో పట్టుకుంది.

చీర కోయడానికి షావుకారే వచ్చాడు. వసారా వెలుగులో విప్పి, చేతి మీదుగా జార్చుకుంటూ చూశాడు. గీత దగ్గర ఆగాడు. బొటనవేలితో తడిమాడు. మాకు గుండెలు కొట్టుకుంటున్నాయి. కూలీ కోస్తే ఏం చేయగలం? ఆయన గీత మీద నుంచి వేలు తీయకుండానే, "ఇది నాకు తెల్వదా చెల్లె" అన్నాడు. మడత పెట్టాడు. ఆ చీరకు కూలీ ఏమీ కోయలేదు. ఏడో చీరకు మాత్రం కోశాడు, అది పూర్తిగా అమ్మ చేతిది, అంచు ఒక చోట వంకర పోయింది. అమ్మ దానికి బాధపడలేదు. "గది న్యాయమే" అంది.

ఆ ఆరో చీర ఎవరు కొన్నారో మాకు తెలియదు. హైదరాబాద్‌లో ఏ దుకాణానికి పోయిందో, ఇంకా ఎక్కడికి పోయిందో! పెళ్లిళ్లలో ఎర్ర పోచంపల్లి మీద తెల్ల చిలకలు కనిపిస్తే నా చూపు అటే పోతుంది. ఒకసారి ఒక పెద్దావిడ వెనకాల భోజనాల బంతి దాకా నడిచాను. అది కాదు. అయినా ఎవరి బీరువాలోనో ఉంటుంది. పట్టు అంత తొందరగా పోయేది కాదు. మంచి రోజున కట్టుకుంటూ ఉంటారు. ఆ గీత వాళ్ల కంటికి ఆనదు.

ఆ ఏడు మా ఇంట్లో బతుకమ్మ పేర్చలేదు. పెత్రామాస నాటి సాయంత్రం వాడలో ఎంగిలి పూల బతుకమ్మ ఆడుతుంటే నేను తలుపు వేసుకుని లోపల ఉన్నాను. కాక దసరా దాకా ఉండి మళ్లీ సూరత్ పోతానన్నాడు. పోయే ముందు కొత్త వార్పు ఎక్కించి పోదామని అమ్మతో చెప్పాడు. షావుకారు పట్టు పంపాడు. ఈసారి ఆసు మాత్రం అమ్మ పోయలేదు. నేయడం, ఆసు రెండూ ఆ భుజం మీద పడవు కదా. చింతకింది మల్లేశం గారు చేసిన ఆసు యంత్రం అప్పటికే పక్క ఊళ్లో ఒకరింట్లో ఉంది, అక్కడికి పంపాం. ఆయన వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక చేసిన యంత్రమది. అది మా అమ్మ భుజానికి కూడా అందింది.

పాత వార్పు అయిపోయాక అచ్చులోంచి, అంటే పడుగు పోగులను విడదీసి పట్టే దువ్వెన లాంటి దానిలోంచి, పోగుల కొసలు పూర్తిగా లాగేయరు. జానెడు వదులుతారు. కొత్త వార్పు పోగులను ఒక్కొక్కటిగా ఆ పాత కొసలకు అతుకుతారు. వేల పోగులు. ఒక పాత పోగు, ఒక కొత్త పోగు, రెండూ కలిపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క మెలి. ముడి కనపడకూడదు. వేళ్లు జారకుండా బూడిద అద్దుకుంటూ ఉండాలి.

అచ్చుకు అటు పక్క కాక, ఇటు పక్క అమ్మ కూర్చున్నారు. నానమ్మ పొయ్యిలోంచి జల్లించిన బూడిద చిన్న గిన్నెలో తెచ్చి మధ్యలో పెట్టింది. పాత కొసలు నాయన అతికి, నాయన నేసి వదిలిన పడుగువి. అమ్మ ఒక కొస పట్టుకుంది, బూడిదలో వేళ్లు అద్దింది, కొత్త పోగు చేర్చి మెలేసింది. మళ్లీ ఇంకో కొస. తమ్ముడు వచ్చి పక్కన కూర్చుని, విడిపోయిన కొసలను వరసగా తీసి అమ్మకు అందిస్తున్నాడు. ఎవరూ మాట్లాడలేదు. రెండు రోజులు పట్టింది.

మూడో రోజు తెల్లవారుజామున మగ్గం చప్పుడుకు మెలకువ వచ్చింది. నాయన దెబ్బ కాదు, కాస్త మెత్తగా, కాస్త ఆగి ఆగి. పక్కన తమ్ముడు లేచి కూర్చుని వింటున్నాడు. ఆర్పిన లైటు వేసి నేను లెక్కల పుస్తకం తీశాను.